దొరసాని పొదుగు కింద నా ఇంగ్లీషు

ఆ రోజుల్లో, అంటే పెద్ద యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతూ, దాని సెగ మా పాతబస్తీకి కిరసనాయిలు దొరక్కపోవడం వల్ల మాత్రమే తెలుస్తున్న రోజుల్లో, ఒక్క ముక్క ఇంగ్లీషు వచ్చినా సరే మనిషి నడకే మారిపోయేది. బడిలో ఉర్దూ, కచేరీలో ఉర్దూ, దుకాణం బోర్డు మీద ఉర్దూ, ఇంట్లో అమ్మ తిట్లు మాత్రం తెలుగు. ఇంగ్లీషు ఎక్కడో సికింద్రాబాదులో, చెట్ల నీడన, టోపీ పెట్టుకుని తిరిగేది. అలాంటి కాలంలో మా గౌలిపురా మొత్తానికి గడగడా ఇంగ్లీషు మాట్లాడగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే అని మా మనవలకు చెబుతుంటాను. వాళ్లు నమ్ముతారు. మీరు నమ్మేలా లేరు కాబట్టి ఉన్న మాట చెప్పేస్తాను. గడగడా అన్నది నిజమే. కానీ నాకు వచ్చిన ఇంగ్లీషు మొత్తం అయిదు మాటలు. ఆ అయిదూ కలిపి ఒక్క వాక్యానికి సరిపోయేవి. (ఎనిమిదో జమాతు దాకా బడిలో నేర్పిన ఇంగ్లీషు పరీక్ష రోజు సాయంత్రమే నన్ను వదిలిపెట్టి వెళ్లిపోయింది, దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.) అయిదు మాటలు గడగడా చెప్పడానికి ఎంతసేపు కావాలి?

మాది పాలవాళ్ల ఇల్లు. ముందు ఇల్లు, వెనక కొట్టం అని వచ్చిపోయేవాళ్లు అనుకునేవారు గానీ, నిజానికి అంతా కొట్టమే, అందులో ఒక మూల మేం తలదాచుకునేవాళ్లం. మాకు పద్నాలుగు బర్రెలు. (ఇదీ మనవలకు చెప్పే లెక్కే. తొమ్మిది. అందులో రెండు వట్టిపోయినవి.) మా అన్నలు ముగ్గురూ పొదుగు కింద కూర్చున్నారంటే చెంబులో వాన కురిసినట్టు చప్పుడయ్యేది. నేను ఆఖరివాణ్ణి. "వీడు సర్కారు నౌకరీ చేస్తడు, వీనికి పేడ అంటొద్దు" అని మా బాపు నన్ను బడికి పంపాడు. బడి అయిపోయింది, నౌకరీ మాత్రం ఎదురు రాలేదు. అందుకని తెల్లారగానే వాడిక ఇళ్లకు పాలు పోసి రావడం నా పనిగా స్థిరపడింది. పాలతో నాకు ఏ గొడవా లేదు. పాలిచ్చేవాటితోనే వచ్చింది చిక్కు. మా కొట్టంలో ఏ బర్రె పక్కకు వెళ్లినా అది తల తిప్పి నన్నొకసారి పైనుంచి కిందికి చూసి, కాలు సర్దుకునేది. పాలవాళ్ల ఇంట్లో పుట్టి బర్రెకు భయపడేవాణ్ణని ఊళ్లో తెలిస్తే ఎంత నామర్దా! అందుకే రుమీ టోపీ పెట్టుకుని, మీసం పైకి దువ్వి, చదువుకున్నవాడు పేడలోకి దిగడు అన్నట్టు దూరంగా నిలబడేవాణ్ణి. అది చదువు కాదు, భయం. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.

ఇక ఆ అయిదు మాటల సంగతి. నా పాలు అందుకునే ఇళ్లలో ఆఖరిది దబీర్‌పురా స్టేషన్ పక్కన టికెట్లు ఇచ్చే బాబుగారిది. మేమంతా టికెట్ బాబు అనేవాళ్లం. తెలుగు క్రైస్తవుడు, తెల్ల పంట్లాం, ముక్కు చివర కళ్లద్దాలు. ఒక బండి వెళ్లాక ఇంకో బండి వచ్చేలోగా బోలెడంత తీరిక. ఆ తీరికలో ప్లాట్‌ఫారం బెంచీ మీద ఒక ముసలి హకీం సాబుతో షత్రంజ్, అంటే చదరంగం, ఆడేవాడు. నేను ఖాళీ డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుని చూసేవాణ్ణి. టికెట్ బాబుకు ఒక అలవాటు. ఏదో ఒక సమయంలో గుర్రాన్ని పైకెత్తి, గాలిలో అలాగే పట్టుకుని, కళ్లద్దాల మీదుగా హకీం సాబును చూసి, "ఐ విల్ టేక్ ద రిస్క్" అనేవాడు. అని, ఆ గుర్రాన్ని తీసుకెళ్లి సరిగ్గా హకీం సాబు ఏనుగు ముందు పెట్టేవాడు. హకీం సాబు పాన్ నములుతూ, "ఫిర్ హారే, మియా" అని, అంటే మళ్లీ ఓడావు అని, దాన్ని ఎత్తేసేవాడు. ఒక్క ఆటైనా టికెట్ బాబు గెలవడం నేను చూడలేదు. కానీ ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూడాలి! గెలిచిన హకీం సాబు ముఖంలో ఆ కళ ఉండేది కాదు.

ఒకరోజు ఆగలేక అడిగాను. "బాబుగారూ, గా మాటకు మతలబు ఏంది?"

"ఓడిపోయినా సరే, దిగుతున్న అని. తప్పితే తప్పింది, నా నెత్తిమీదనే ఉండనీ అని."

"ఓడిపోతరని ముందే ఎరికేనా?"

"ఎరికెందుకు లేదు!" అన్నాడు టికెట్ బాబు, మళ్లీ పావులు పేరుస్తూ.

ఆ రోజు నుంచి ఆ మాట నాది. దాన్ని నేను వాడినంతగా టికెట్ బాబు తన జన్మలో వాడి ఉండడు. మిరపకాయ బజ్జీ కొరికే ముందు అనేవాణ్ణి. మంగలి కత్తి కింద గడ్డం పెట్టే ముందు అనేవాణ్ణి. (మంగలి భయపడి కత్తి పక్కన పెట్టేశాడు, ఏమైనా శాపమేమోనని.) మా అమ్మ నిన్నటి పప్పు వడ్డించబోతే గిన్నె ముందు నిటారుగా కూర్చుని అన్నాను. "గా దొరల మాటలు నీ పెండ్లాం వచ్చినంక చెప్పు, గిప్పుడు మూసుకొని తిను" అంది అమ్మ. మీరు గమనించారో లేదో, వీటిలో ఎక్కడా ఓడిపోవడానికి ఏమీ లేదు. ఆ మాటను నేను పోగొట్టుకునేది ఏమీ లేని చోట్ల మాత్రమే వాడేవాణ్ణి. నా ధైర్యమంతా అంతే.

అప్పుడు తగిలింది ఆ పిల్ల. తగిలింది అంటే, ముందు తగిలింది వాళ్ల బర్రె. దబీర్‌పురా దగ్గర ఒక సన్నని గల్లీలో ఓ పొద్దున నేను నెత్తిన డబ్బాతో వెళుతుంటే, నల్లరాతి గోడలాంటి బర్రె ఒకటి అడ్డంగా నిలబడి ఉంది. ఇటు నేను, అటు అది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బర్రె వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏంది, పాలోళ్ల పిలగానివై బర్రెకు భయపడుతున్నవా?"

"భయమా? భయమెందుకు! ఆలోచిస్తున్న."

"మా దొరసాని గూడ ఆలోచిస్తున్నది. ఇద్దరూ గిట్లనే నిలబడి ఆలోచించున్రి. పాలు పెరుగైతయి."

అని బర్రె వీపు మీద ఒక్కటి చరిచింది. దొరసాని (అది బర్రె పేరు, పిల్లది కాదు) పక్కకు జరిగింది. పిల్ల నావైపు చూడనైనా చూడకుండా ముందుకు పోయింది. నేను మాత్రం అక్కడే ఉన్నాను. ఆ పూట నాలుగిళ్లకు పాలు ఆలస్యమయ్యాయి, టికెట్ బాబు ఇంటికైతే అసలు అందలేదు.

వారం రోజులు అన్నం తినలేదని మనవలకు చెబుతుంటాను. తిన్నాను, కాకపోతే మౌనంగా తిన్నాను. ఆ మౌనానికే అమ్మ భయపడి విషయం రాబట్టింది. ఆరా తీస్తే మాకు దూరపు చుట్టాలే, వరస కూడా కుదిరింది. ఇరవై గజాల అవతలినుంచి కనిపించే మీసాలున్న ఆమె తండ్రి నాకు మామ వరస. అయితే ఆ మీసాల మామకు ఒక షరతు ఉందట. ఆయన బిడ్డను చేసుకోవాలనుకున్నవాడు ముందు వచ్చి దొరసాని పాలు పిండాలి. అప్పటికే ఇద్దరు వచ్చి పోయారు. శాలిబండనుంచి వచ్చిన ఒక పహిల్వాన్‌కు మూడు పళ్లు ఊడిపోయాయి. (పళ్లు నేను కలిపినవి. మోకాలు వాచింది, పసుపు పట్టీ వేశారు.) రెండోవాడు చెంబు అక్కడే వదిలేసి గోడ దూకాడు. పాలవాళ్ల ఇళ్లలో అల్లుడికి పాలు పిండడం వచ్చా అని అడగడం, చేపకు ఈత వచ్చా అని అడిగినట్టుంటుంది. అందుకే ఎవరూ అడగరు. ఈయన ఒక్కడే అడిగేవాడు.

పెళ్లిచూపులకు బాపూ నేనూ వెళ్లాం. మా పెద్దన్న షేర్వాణీ వేసుకున్నాను, భుజాల దగ్గర నాలాంటివాడు ఇంకొకడు పట్టేంత వదులు. పది మంది పెద్దలు చాప మీద కూర్చున్నారు. పిల్ల వచ్చి చాయ్ పెట్టి, తలుపు వెనక్కి వెళ్లి నిలబడింది. మామ మీసం మెలేస్తూ షరతు చెప్పాడు.

"ఒక్క శేరు. అంతకంటే అడుగ. ఎల్లుండి పొద్దుగాల వచ్చి శేరు పాలు తీస్తే పిల్ల నీది. తియ్యకుంటే మళ్ల ఈ గల్లీల నీ టోపీ కనిపియ్యొద్దు. ఏమంటవ్?"

ఏమనాలి? "మామా, నాకు పాలు పిండడం రాదు" అనాలి. ఇవీ అయిదు మాటలే, అన్నీ తెలుగు మాటలే. నోటిదాకా కూడా వచ్చాయి. కానీ తలుపు సందులో ఒక కన్ను కనిపించింది. ఆ కంట్లో, గల్లీలో బర్రె ఎదుట నేను ఎలా నిలబడ్డానో అదంతా అలాగే ఉంది. నేను లేచి నిలబడ్డాను. షేర్వాణీ సర్దుకున్నాను. గుర్రాన్ని ఎత్తినట్టు చెయ్యి పైకెత్తి, "ఐ విల్ టేక్ ద రిస్క్" అన్నాను.

ఒక ముసలాయన పక్కవాణ్ణి అడిగాడు, "క్యా బోలా?" అని. పక్కాయనకూ తెలియలేదు. మామ మీసం మీద చెయ్యి ఆగిపోయింది. "ఏమన్నడు ఈ పిలగాడు?" అని మా బాపును అడిగాడు. మా బాపు చూరు వైపు చూశాడు. నేనే తాత్పర్యం చెప్పాను, "ఓడిపోయినా సరే, దిగుతనని మామా."

"ఓడిపోయినా సరేనా?"

"సరే మామా."

"గిదీ మాటంటే!" అన్నాడు మామ, చాప మీద చరిచి. "గా పహిల్వాన్ గూడ గిట్ల అనలే. అందరు విన్నరు గద! ఓడితే ఇంక ఏడ్వొద్దు, బతిమాలుకోవద్దు, పెద్దమనుషులను తోల్కరావొద్దు. మాట మాటే."

అయిదు మాటలతో నేను నా వెనక ఉన్న తలుపులన్నీ మూసుకున్నానని అప్పుడు అర్థమైంది. తిరిగి వచ్చే దారిలో బాపు నాకంటే నాలుగడుగులు ముందు నడిచాడు. గాజుల దుకాణాలు దాటాక ఆగాడు.

"నీకు పాలు పిండుడు వస్తదారా?"

"రాదు బాపు."

"మరి గా ఇంగ్లీషెందుకు మాట్లాడినవ్?"

"నోరు ఆగలేదు బాపు."

"నిన్ను బడికి పంపిన చూడు, నన్ను అనాలె" అని బాపు తలపాగా విప్పి, మళ్లీ చుట్టుకుని, నడక అందుకున్నాడు.

మర్నాడంతా తాలీము. మా ముగ్గురన్నలు కొట్టంలో అన్నింటికంటే ముసలిదాన్ని, అన్నింటికంటే సాధువును ఎంచి నన్ను దాని కింద కూర్చోబెట్టారు. నుదురు దాని డొక్కకు ఆనించాలి, మోకాళ్ల మధ్య చెంబు పట్టాలి, బొటనవేలు మడిచి పైనుంచి కిందికి జార్చాలి. "గట్లనే, గట్లనే" అని పెద్దన్న. "గది తోకరా, ఇవతలికి రా" అని రెండో అన్న. మూడో అన్న నవ్వడం తప్ప ఏ సాయమూ చేయలేదు. పొద్దు గూకేసరికి చెంబు అడుగు తడిసింది. చేతులు రెండూ మొద్దుబారిపోయాయి. ఆ ముసలి బర్రె ఒక్కసారి కూడా తన్నలేదు. మెడ తిప్పి నన్ను జాలిగా చూసింది, అంతే. తన్నినా బాగుండేది.

మధ్యలో ఒకసారి స్టేషనుకు పరుగెత్తి టికెట్ బాబుకు మొర పెట్టుకున్నాను. జరిగిందంతా విని ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను గా మాట షత్రంజ్‌ల అంట నాయినా. నా గుర్రం కట్టెది. మీ మామ బర్రె కట్టెది కాదు గద!" అన్నాడు. హకీం సాబు మాత్రం పాన్ పక్కకు నెట్టి, "తన్నించుకున్నంక నా తానకు రా బేటా, లేపనం ఇస్త" అని అభయమిచ్చాడు. ఎంత ధైర్యం చెప్పారో చూడండి, ఇద్దరూ మర్నాడు పొద్దున మొదటి బండిని కూడా ఎవరికో అప్పగించి, మామ వాకిట్లో ముందు వరసలో వచ్చి నిలబడ్డారు.

వాళ్లిద్దరే కాదు. ఆ వాకిట్లో ఆ పొద్దున రెండు వందల మంది ఉన్నారు. సరే, యాభై. సరే, గోడ మీద కూర్చున్న పిల్లలతో కలిపి ముప్పయి మంది అనుకోండి, అంతకంటే తగ్గించను. ఇంగ్లీషు మాట్లాడిన పాలవాడు వస్తున్నాడని గల్లీలో పాకిపోయిందట. మధ్యలో గుంజకు కట్టి దొరసాని. ఆ రోజు అది ఇంకాస్త పెరిగినట్టు అనిపించింది. పక్కన దాని దూడ. నా వెంట వచ్చిన బాపు గోడ వారగా నిలబడ్డాడు. నా కాళ్లు షేర్వాణీలో వణుకుతున్నాయి. వదులు బట్ట కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అప్పుడు అత్త, అంటే మామ భార్య, ఇంట్లోంచి వచ్చింది. ఒక చేతిలో శేరు పట్టే ఇత్తడి చెంబు. ఇంకో చేతిలో ఒక పాత చీర.

"ఇగో పిలగా, ముందు గిది కట్టుకో" అంది.

నాకు అర్థం కాలేదు. జనానికి అర్థమై అప్పటికే నవ్వు మొదలైంది. అత్త విడమరిచి చెప్పింది. దొరసానిని దూడప్పటినుంచి సాకింది పిల్ల ఒక్కతే. రోజూ పిండేదీ ఆమే. పాలు పొదుగులోకి వదలడాన్ని మేం చేపడం అంటాం. దొరసాని పిల్ల చీర వాసన తగిలితేనే చేపుతుంది, లేకపోతే తన్నుతుంది. "ముందుగాల వచ్చిన ఇద్దరికి గూడ చీర తెచ్చిన" అంది అత్త. "మొగోళ్లం, మేం చీర కట్టుకుంటమా అని మీసాలు తిప్పిన్రు. తన్నులు తిని పోయిన్రు. నువ్వేమంటవ్?"

"గదెట్ల కుదురుతది!" అని మామ అరుగు మీదనుంచి లేచాడు. "చీర కట్టుకొని పిండుడు పిండుడే కాదు!"

"ఏమయ్యా, పోయిన ఎండకాలం పిల్ల ఊరికి పోతే, నువ్వు గిదే చీర కట్టుకొని వారం దినాలు పిండలేదా? జర యాదికి తెచ్చుకో."

ముప్పయి మందీ ఒక్కసారిగా మామ వైపు తిరిగారు. ఇరవై గజాల దూరంనుంచి కనిపించే ఆ మీసాలు ఒక్క క్షణంలో కిందికి దిగిపోయాయి. ఆయన మళ్లీ కూర్చున్నాడు. ఆ గొడవ అక్కడితో తీరింది.

నా గొడవ మాత్రం అప్పుడే మొదలైంది. తన్ను తినడానికి నేను సిద్ధపడే వచ్చాను. తన్ను తిన్నవాణ్ణి చూసి జనం అయ్యో అంటారు, మోకాలికి పట్టీ వేస్తారు, నాలుగు రోజులు గొప్పగా కుంటవచ్చు. కానీ చీర కట్టుకుని ఓడిపోతే? ఈ ముప్పయి మందీ నేను చచ్చేదాకా చెప్పుకుంటారు. టికెట్ బాబు నావైపే చూస్తున్నాడు, నా నోటినుంచి ఆ మాట వస్తుందని. నేనూ ఎదురు చూశాను. రాలేదు. బజ్జీల దగ్గర తన్నుకుంటూ వచ్చిన మాట, నిజంగా కావలసిన చోట గొంతులో ఎక్కడో దాక్కుంది. టోపీ తీసి హకీం సాబు చేతిలో పెట్టి, చీర అందుకున్నాను.

ఎలా కట్టుకోవాలో తెలియదు. నాలుగు చుట్లు చుట్టాను. తలుపు వెనకనుంచి గుసగుస వినిపించింది, "కొంగు నెత్తిమీదికెల్లి తియ్యి. గట్ల గాదు, ఎడమ దిక్కుకు. గా మీసం గూడ కప్పుకో, దొరసాని బెదురుతది." జనం కడుపులు పట్టుకున్నారు. నేను మీసం కప్పుకున్నాను. అత్త దూడను వదిలింది. అది రెండు గుక్కలు తాగి పొదుగును కుమ్మగానే దాన్ని పక్కకు లాగింది. నేను వెళ్లి, చెంబు మోకాళ్ల మధ్య పెట్టుకుని, నుదురు దొరసాని డొక్కకు ఆనించి, కళ్లు మూసుకున్నాను. పిల్ల రోజూ పిండేటప్పుడు దాన్ని తిడుతుందట, తిట్లు వినబడకపోతే దానికి తోచదట. తలుపు వెనకనుంచి తిట్లు మొదలయ్యాయి. "ఏమే నల్లమొకమా, నిలబడే సక్కగ. తినుడు మస్తు తింటవ్, ఇచ్చేటప్పుడు ఏడుస్తవ్. జర కాలు కదిపినవో, ఈపు పలగ్గొడుత." సగం తిట్లు బర్రెకు, సగం నాకు అని నా అనుమానం. బొటనవేలు మడిచాను. జార్చాను. చెంబులో సుయ్‌మని చప్పుడైంది.

దొరసాని చేపింది! ఇంకోసారి జార్చాను. సుయ్. జనం నవ్వు ఆగిపోయింది. చెంబులో నురగ లేస్తోంది, పావు దాటింది, సగం అయింది. కొంగు సందులోంచి చూస్తే మామ అరుగు దిగి ముందుకు వచ్చి నిలబడి ఉన్నాడు. ఇంకొక్క సగం. ఇంకొక్క సగం నోరు మూసుకుని ఉంటే చాలు. కానీ నన్ను మీరు ఇంతసేపూ చూశారు కదా! సంబరం కడుపులోంచి పొంగి, ఇంతసేపూ దాక్కున్న మాటను గొంతులోకి తోసుకొచ్చింది. తల పైకెత్తి, కొంగు జారిపోతున్నా చూసుకోకుండా, టికెట్ బాబు వైపు తిరిగి, వాకిలి మోగిపోయేలా అన్నాను, "ఐ విల్ టేక్ ద రిస్క్!"

దొరసాని నెమరు ఆపింది. మెల్లగా మెడ తిప్పింది. తన పిల్ల చీరలో మీసాలున్న ముఖం ఒకటి, మగ గొంతుతో, తాను ఎన్నడూ వినని భాషలో అరుస్తోంది. ఆ కళ్లలో కోపం లేదు, నేను ప్రమాణం చేసి చెప్పగలను. మోసపోయినదాని బాధ ఉంది. తరవాత కాలు లేచింది. నాకు తెలిసింది అంతవరకే. కళ్లు తెరిచేసరికి గడ్డివాము పక్కన వెల్లకిలా పడి ఉన్నాను. చెంబు నా పొట్ట మీద బోర్లా ఉంది. అర శేరు పాలూ షేర్వాణీ తాగేసింది. జనం నవ్వుతో నిలబడలేకపోతున్నారు. ఎవరో గోడ మీదనుంచి జారి పడ్డారు కూడా. హకీం సాబు నా టోపీని గుండెకు హత్తుకుని, "ఫిర్ హారే, మియా, ఫిర్ హారే" అని కళ్లు తుడుచుకుంటున్నాడు. ఏం చేయను? నాకూ నవ్వు వచ్చింది. తొడ మండిపోతోంది, పిల్ల చేజారిపోయింది, అయినా నవ్వు ఆగలేదు. పడుకునే నవ్వాను.

"ఓడిండు" అన్నాడు మామ, మీసం మళ్లీ పైకి లేపుతూ. "శేరు కాలే. మాట మాటే."

నేను లేచి నిలబడ్డాను. "ఓడిన మామా" అన్నాను. పాలు కారుతున్న చీర విప్పి, మడత పెట్టబోయి, మడత పెట్టడం రాక ఉండ చుట్టి అత్త చేతికిచ్చాను. ఏడవకూడదు, బతిమాలుకోకూడదు అన్న షరతు గుర్తుంది. హకీం సాబు చేతిలోంచి టోపీ తీసుకున్నాను. అప్పుడు, ఇంతవరకూ తలుపు వెనక గొంతు మాత్రమే అయిన పిల్ల, వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"నాయినా, బర్రెను పిండెటోడు ఎవడన్న దొరుకుతడు" అంది. "గింతమంది ముందట తన్ను తిని గిట్ల నవ్వెటోడు నాకు మళ్ల దొరుకుతడా?"

"నువ్వు లోపలికి పో బిడ్డా. షరతు షరతే."

"షరతు ఎందుకు పెట్టినవో నాకు ఎరికలేదా? నేను పోతే దొరసాని పాలియ్యదని నీ రంది."

మామ కూతుర్ని చూశాడు, దొరసానిని చూశాడు. ఆ పెద్దమనిషి బెంగ పాల గురించి మాత్రమే కాదని నాక్కూడా తెలిసింది. పిల్ల గొంతు మెత్తబడింది.

"పోయే ముందు నా చీరలు రెండు ఈడ పెట్టి పోత నాయినా. నువ్వు కట్టుకో. నీకైతే కట్టుకునుడు వచ్చు, గాయన లెక్క కాదు."

మొదట నవ్వింది అత్త. తరవాత టికెట్ బాబు. చివరికి మామ మీసాలు కూడా కదిలాయి, వాటి కింద నవ్వు ఉందని గోడ మీది పిల్లలకు కూడా కనిపించింది. ఆయన నా దగ్గరకు వచ్చి, షేర్వాణీ కాలరు పట్టుకుని దగ్గరకు లాక్కున్నాడు. "ఒక్క మాట. నా బిడ్డతోని ఇంట్ల గా ఇంగ్లీషు మాట్లాడొద్దు. ఏం?" అన్నాడు. "మాట్లాడ మామా" అన్నాను. (ఈ షరతు కూడా నేను నిలబెట్టుకోలేదు, అది వేరే సంగతి.)

బాపూ నేనూ ఇంటికి బయలుదేరాం. పొద్దు బాగా ఎక్కింది. నేను కుంటుతున్నాను. షేర్వాణీ ఎండకు ఆరుతూ పులిసిన పాల వాసన కొడుతుంటే, రెండు కుక్కలు గల్లీ చివరిదాకా మమ్మల్ని సాగనంపాయి. బాపు ఆగి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఓడినవ్ గదరా. గింత సంబరమేంది?"

"పిల్లనిచ్చిన్రు గద బాపూ."

"గెలిస్తే గూడ పిల్లనే ఇస్తుండిరి. గీ తన్ను తప్పుతుండె" అని బాపు నా భుజం కింద తన భుజం పెట్టాడు.

ఇప్పుడు నేను అరుగు దిగాలన్నా ఎండ చూసి, వాన చూసి, గొడుగు తీసుకోనా వద్దా అని అరగంట ఆలోచిస్తాను. అలా ఆలోచిస్తూ కూర్చున్నప్పుడు ఒక్కోసారి ఆ కుర్రాడు కనిపిస్తాడు. వదులు షేర్వాణీలో, తండ్రి భుజం మీద చెయ్యి వేసుకుని, కుంటుకుంటూ, కనబడ్డ ప్రతివాడికీ తాను ఓడిపోయిన కథ గొప్పగా చెప్పుకుంటూ గల్లీలో పోతుంటాడు. ఒరేయ్, జర మెల్లగా నడువు, కాలు వాస్తది అని పిలవాలనిపిస్తుంది. పిలవను. పిలిచినా వాడు వినేలా లేడు.